నడిచొచ్చిన జయరామప్ప

గొర్లదిన్నెలో చిక్కన్న కుట్టుమిషను ఆగి నాలుగు నెలలయింది. మిషను బాగానే ఉంది, కుట్టించుకునేవాళ్లే బాగాలేరు. ఎనభై ఏడో సంవత్సరం అది, వరసగా మూడో ఏడు కరువు. ఎండలు ఎట్లాంటివంటే ఊరి కుక్కలు ఒకదాని నీడలో ఒకటి దూరి వరసగా నడిచిపోయేవి, అన్నిటికంటే ముందున్న కుక్క మాత్రం వెనక్కి తిరిగి తిరిగి మొరిగేది. నాగలమడిక కాడ పినాకిని ఏట్లో చెలమ తవ్వితే తవ్వినవాడి చెమట తప్ప ఇంకేమీ ఊరలేదు. అట్లాంటి కాలంలో కొత్త చొక్కా ఎవడికి కావాల? గుండీ ఊడితే పిన్నీసు, పిన్నీసు పోతే తుమ్మముల్లు.

పని లేక చిక్కన్న ఖూనీ కేసు పట్టుకున్నాడని ఎవరైనా అంటే అది అన్యాయం. ఖూనీ కేసును ఆయన పట్టుకుని అప్పటికే ఇరవై ఒక్క సంవత్సరాలు. కరువు వచ్చి దానికి ఇంకొంచెం తీరిక ఇచ్చింది, అంతే.

కేసు ఇదీ. అరవై ఆరులో, అప్పటికింకా మనది మైసూరు రాష్ట్రమే, వై.ఎన్.హొసకోట నుంచి వచ్చి శనక్కాయలు కొనుక్కుపోయే దలాలి జయరామప్ప తల పగిలి బోరయ్య చేన్లో చచ్చి పడి ఉన్నాడు. చేతులకూ కాళ్లకూ మోకు కట్టి ఉంది. ఆ మోకు బోరయ్య ఎద్దులతో నీళ్లు తోడే కపిలబావిది. అంతకు వారం ముందే సంతలో తూకం కాడ గొడవైతే, "నీ తల పగలగొడతా సూడు" అని బోరయ్య నూరు మంది ముందర అన్నాడు. పోలీసులకు ఇంకేం కావాల? రెండు నెలలు పావగడలో లోపల వేసినారు. అయితే కొడుతుంటే చూసినవాడు ఒక్కడూ దొరకలేదు, వదిలేసినారు. ఠాణాలో కేసు మూతపడింది గానీ ఊళ్లో పడలేదు. ఆనాటి నుంచి ఆ మనిషి పేరు ఖూనీ బోరయ్య.

ఇంతమాత్రానికే కేసుకు పేరు రాలేదు. ఖూనీలు ఏ తాలూకాలోనైనా అవుతాయి. జయరామప్ప సంగతి వేరు. బోరయ్య చేన్లో దొరకడానికి ముందురోజు ఒక గొర్రెలకాపరి అదే పీనుగును అరమైలు అవతల, ఆంధ్రా గడ్డ మీద, నల్లరాళ్లపల్లి కంపల పక్కన చూసినాడు. మర్నాటికి బోరయ్య చేన్లో ఉంది. అంటే ఏమయింది? తన్ను చంపినవాణ్ణి వెతుక్కుంటూ పీనుగు నడిచొచ్చింది. రాష్ట్రం హద్దు దాటి మరీ వచ్చింది. వస్తుంటే చూసినామని చెప్పినవాళ్లు మొదట ఇద్దరు, పదేళ్లకు పదకొండు మంది అయినారు. వాళ్లలో నలుగురు అప్పటికింకా పుట్టనేలేదు.

అయితే చిక్కన్నకు ఒక సంగతి తెలుసు. ఎవరికీ చెప్పనిది.

పీనుగును మొదట ఆంధ్రాలో పారేసింది గొర్లదిన్నెవాళ్లే. ఆ పొద్దు తెల్లవారేసరికి జయరామప్ప హద్దురాయి పక్కన, మన వైపు పడి ఉన్నాడు. ఊరి పటేలు పెద్దతిమ్మప్ప చూసి, "పోలీసులు వస్తే ముందు కోళ్లు పోతాయి, ఆపైన మనుషులు పోతారు. అవతలికి మోసేయండి. ఆ ఊర్లో కోళ్లు శానా ఉండాయి" అన్నాడు. నలుగుర్ని పిలిచినాడు. పరాయి పీనుగును చేత్తో ముట్టుకుంటే మైల కదా, అందుకని కాళ్లూ చేతులూ మోకుతో కట్టి, నడుమ వాసం దూర్చి మోసినారు. మోకు కావాలంటే దగ్గర్లో ఉన్నది బోరయ్య బావి. నలుగురిలో కాళ్లు చురుకైనవాడు చిక్కన్న, అప్పటికి ముప్పై ఏండ్లు. పరుగెత్తుకుంటూ పోయి తెచ్చినాడు. కంపల కాడ పీనుగును దించినాక వాసం వెనక్కి తెచ్చుకున్నారు, మోకును మరిచిపోయినారు. ఆదివారం నాడు పటేలు నలుగుర్నీ పావగడ శనిదేవుడి గుడికి పిలుచుకునిపోయి, నోరు విప్పితే ఏడున్నరేళ్ల శని తగులుతుందని ఒట్టు వేయించినాడు.

ఆంధ్రాలో దించిన పీనుగు మర్నాడు బోరయ్య చేన్లో కనపడేసరికి పటేలు చిక్కన్నను పక్కకు లాగి, "సూస్తివా? మనం మోసేస్తే తిరిగొచ్చింది. ఇన్ని చేన్లుండగా ఆయప్ప చేన్లోకే ఎందుకొచ్చె? ఖూనీ చేసినోడు ఆయప్పే" అన్నాడు. చిక్కన్నకు నమ్మకం కుదిరింది. కుదరక తప్పదు కూడా. కుదరకపోతే తను తెచ్చిన మోకు వల్ల ఒక పాపం తెలీని మనిషి రెండు నెలలు జైల్లో ఉన్నట్టు.

పటేలు పోయినాడు. మోసినవాళ్లలో మిగతా ముగ్గురూ పోయినారు. చిక్కన్న ఒక్కడే మిగిలి, ఆ నమ్మకానికి ఏటేటా ఎరువు వేసుకుంటూ పరిశోధన చేస్తా ఉన్నాడు.

పరిశోధనలో ఆయనకు తోడు కొల్లప్ప. కొల్లప్ప ఒకప్పుడు పోలీసు స్టేషనుకు రెండేళ్లు నీళ్లు మోసినాడు, కాబట్టి డిపార్టుమెంటు మనిషి. ఆయనకు మోకు సంగతి తెలియదు. ఎంత నిజాయితీగా పరిశోధించేవాడంటే, చిక్కన్నకు ఒక్కోసారి గుండె ఆగేది. ఇద్దరూ కలిసి రెండు వందల పేజీల నోటుబుక్కు పెట్టినారు. చిక్కన్న కొలటేపుతో ఊరి నుంచి హద్దురాయి దాకా కొలిచినారు. అరవై అంగుళాల టేపుతో మైలు కొలిచేసరికి రెండు పూటలు పట్టింది, మధ్యలో లెక్క తప్పితే మళ్లీ మొదటి నుంచి. తల ఏ ఆయుధంతో పగిలిందో తేల్చడానికి గడ్డపారతో ఒక గుమ్మడికాయ, గునపంతో ఒకటి, రోకలితో ఒకటి పగలగొట్టి చూసినారు. గడ్డపారా గునపమూ ఒకటే అని మూడోది పగిలినాక గుర్తొచ్చింది. చిక్కన్న పెండ్లాం ఓబక్క ఆ ముక్కలు ఏరుకుని వారం దినాలు పులుసు కాచింది.

"ఇంకా ఎన్ని ఖూనీలుండాయి? చింతపండు అయిపోయింది, చెప్తే తెచ్చిపెట్టుకుంటా" అని అడిగేది.

ఏటా పరిశోధన ముగిసేటప్పుడు కొల్లప్ప నోటుబుక్కు తెరిచి, "ఆ మోకు బావి కాణ్ణించి ఎవురు తెచ్చింటారప్పా?" అనేవాడు. చిక్కన్న దగ్గి, "బావి ఎవురిదో ఆయప్పే తెచ్చింటాడు" అనేవాడు. కొల్లప్ప రాసేవాడు: *కాబట్టి బోరయ్యే.* ఇరవై ఒక్కసార్లు రాసినాడు అదే మాట.

ఆ కార్తీకంలో అరగంట వాన పడింది. విత్తేటప్పుడు రావాల్సిన వాన పెరికేటప్పుడు వచ్చింది. ఎవరి చేన్లోనూ గట్టిగా గంపెడు శనక్కాయ లేదు గానీ, బోరయ్య చేను వంక పక్క పల్లం కాబట్టి రెండెకరాల్లో కాయ పట్టింది. అయితే మన ఎర్రనేల సంగతి తెలిసిందే. తడి మూడు దినాలుంటుంది. ఆలోపల చెట్టు పెరికితే కాయ చెట్టుతో వస్తుంది. నాలుగో దినం నేల రాయవుతుంది, చెట్టు చేతికొస్తుంది, కాయ భూమికి పోతుంది. రెండెకరాలు మూడు దినాల్లో కావాలంటే ఇరవై చేతులు కావాల. అందుకే మన పక్క ముయ్యి ఉంది. ఈ దినం ఊరంతా నీ చేనికి, రేపు నువ్వు వాళ్ల చేనికి, మధ్యాహ్నం సంగటి మాత్రం చేనివాళ్లది. బోరయ్య ఇంటికి మాత్రం ఇరవై ఒక్కేళ్లుగా ముయ్యి లేదు. ఖూనీ చేసిన చేతుల్తో పెట్టే సంగటి ఎట్లా తినేది అని. బోరయ్యా ఆయన కూతురు సుంకులమ్మా ఇద్దరే పెరుక్కునేవాళ్లు, ప్రతి ఏడూ సగం కాయ నేలలోనే నిలిచిపోయేది. ఈసారి బోరయ్యకు నడుము పట్టుకుంది, అరవై ఆరేళ్ల మనిషి. సుంకులమ్మ మొగుడు ఈ పేరు మోయలేక ఎప్పుడో వదిలిపోయినాడు. మిగిలింది రెండు చేతులు.

ఆ రెండు చేతులూ నడుమున పెట్టుకుని సుంకులమ్మ చిక్కన్న అంగడి ముందర నిలబడింది.

"చిక్కన్న మామా, ఇరవై ఒక్కేండ్లు మా నాయన కేసు సదివినావు. డాక్టరు సదువు కూడా అంత ఉండదంట. పాసయినావా లేదా?"

"అట్లా కాదమ్మా, ఇంకా కొన్ని పాయింట్లు..."

"పాయింట్లు నాకు తెలుసులే. కాబట్టి బోరయ్యే అని రాసినారు, కొల్లప్ప సంతలో చదివి వినిపించినాడు. ఇప్పుడు నాకు మూడే దినాలుండాయి. మా నాయనే చేసినాడని గట్టిగా చూపించు, చేను భూమికి ఇడిసి ఆయప్పను పిల్చుకొని ఊరు దాటి పోతా. చేయలేదంటే లక్ష్మక్కను నా చేన్లోకి పిల్చుకొని రా. ఆయమ్మ వస్తే అందరూ వస్తారు. మధ్యలో ఉంటే మాత్రం నేనొప్పుకోను."

లక్ష్మక్క అంటే ఊరి ఆడకూలీలకు పెద్ద. ఆమె ఏ చేను వైపు నడిస్తే ఊరు ఆ వైపు నడుస్తుంది. పీనుగు నడుస్తుంటే చూసిన పదకొండు మందిలో మొదటిది ఆమె అత్తే.

సుంకులమ్మ పోయినాక కొల్లప్ప నోటుబుక్కుతో అరిచేయి కొట్టుకుంటూ, "చిక్కా, మనం అందర్నీ అడిగినాం. అడగంది నల్లరాళ్లపల్లినే. పద పోదాం" అన్నాడు.

"అది ఆంధ్రప్పా. మన లిమిట్సు కాదు."

"మేకలు కొనేటప్పుడు లిమిట్సు యాడ పోయింది? మొన్న కోడిపుంజు కోసం వాళ్ల ఇంటి మిద్దె ఎక్కితివే!"

నిజానికి ఆ ఊరికీ ఈ ఊరికీ గట్టు తగాదా. పిల్లనివ్వడం, తెచ్చుకోవడం లేవు. మేకలు, తిట్లు మాత్రం ఇటూ అటూ పోతాయి. మోకు ముచ్చట ఆ ఊళ్లో ఎవరికైనా తెలిసుంటుందేమోనని ఇన్నేళ్లూ చిక్కన్న లిమిట్సు పేరు చెప్పి తప్పించుకున్నాడు. ఈసారి లాక్కుని పోయినట్టే పోయినాడు.

ఆ ఊళ్లో ఈ కాలపు పెద్దమనిషి కాటయ్య. అరుగు మీద కూర్చుని కాడికి పలుపు బిగిస్తున్నాడు. జయరామప్ప పేరెత్తగానే చేతిలోని పలుపు కిందపెట్టి నవ్వినాడు.

"అబ్బో, ఇన్నేండ్లకు వచ్చినారా?"

"నీకు తెలుసా?" అన్నాడు కొల్లప్ప, పెన్ను మూత తీస్తూ.

"తెలీకేమప్పా? బండి నాదే గదా. ఆ పొద్దు మా కాయంతా ఆయప్పే కొన్నాడు. బండి నిండా మూటలు. ఈతకల్లు రెండు ముంతలు తాగి మూటల మీదికెక్కి, బొంబాయి షేట్లు ఎట్లా నిలబడతారో సూపిస్తానని నడుం మీద చేతులు పెట్టుకొని నిలబడినాడు. హద్దు కాడ చక్రం గుంతలో పడింది. షేటు పోయి రాయి మీద పడినాడు. రాయికేమీ కాలేదు."

కొల్లప్ప పెన్ను కాగితం మీద ఆగిపోయింది. గడ్డపార, రోకలి, రాయి. గుమ్మడికాయను రాయి మీద వేసి చూడాలన్న ఆలోచన ఇద్దరికీ ఏ ఏడాదిలోనూ రాలేదు.

"అప్పుడే చెప్పొచ్చు కదా!"

"చెప్తే నేను లోపలికి పోతా. భయపడి పక్కకు దొర్లిస్తిమి. మీ పక్క పల్లం కాబట్టి మీ పక్కకే దొర్లినాడు. తెల్లారి సూస్తే మా కంపల కాడుండాడు, కాళ్లూ చేతులూ మోకుతో కట్టి! మావాళ్లు నడిచొచ్చినాడని పరుగో పరుగు. నేనంటి, ఒరే తిక్కలోళ్లారా, నడిచొచ్చేవాడు ఎవడైనా కాళ్లు కట్టుకొని వస్తాడా?"

గొర్లదిన్నెలో రెండు వందల ఇళ్లున్నాయి, ఒక ఇస్కూలుంది, హొసకోటలో హైస్కూలు చదివినవాళ్లు ఐదుగురున్నారు. ఇరవై ఒక్కేళ్లలో ఈ ఒక్క మాట ఎవరూ అడగలేదు.

కాటయ్య పలుపు మళ్లీ చేతికి తీసుకున్నాడు. "ఇంక మేము కూడా ఊరికే ఉంటామా? ఆ దినం కంప కప్పిపెట్టి, మర్నాడు కోడి కూయకముందే ఇవతలికి తెచ్చి, మొదట కనపడిన చేన్లో పెట్టేస్తిమి. ఆ చేను ఎవురిదో మాకేం తెలుసు? ఎవుర్నో పట్టుకొని ఇడిసిపెట్టినారని ఇంటిమి. సరే, సల్లగుండారు అనుకుంటిమి."

"సల్లగా లేరు" అన్నాడు చిక్కన్న. ఆ ఊళ్లో అడుగుపెట్టినాక ఆయన మాట్లాడిన మొదటి మాట అదే. ఆ చేను బోరయ్యదనీ, ఇన్నేళ్లూ ఆ ఇంటికి ముయ్యి లేదనీ లేచేముందు కొల్లప్ప చెప్పినాడు.

తిరిగి వచ్చే దోవలో కొల్లప్ప నేల మీద నడవలేదు. "కేసు తేలిందిరా! రెండు రాష్ట్రాల పోలీసుల చేత కాంది మన చేత అయింది! ఇంక ఒక్క పాయింటే. మోకు. బోరయ్య మోకు యాడిది అని లక్ష్మక్క అడుగుతాది. దానికి జవాబు లేకపోతే ఆంధ్రావాడి మాట ఎవురూ నమ్మరు. ఆ మోకు తెచ్చిన నా కొడుకు ఎవడో దొరకాల!"

"దొరికినాడు" అన్నాడు చిక్కన్న.

హద్దురాయి దగ్గర కూర్చుని మొత్తం చెప్పినాడు. పటేలు, వాసం, బావి, ఒట్టు. కొల్లప్ప వింటూ వింటూ నోటుబుక్కు తెరిచి ఒక్కో పేజీ తిప్పినాడు, మూసినాడు. ఆయన కోపం బోరయ్య గురించి కాదు, ముందు తన గురించే.

"ఒరే, ఇరవై ఒక్కేండ్లు నా చేత గుమ్మడికాయలు పగలగొట్టించినావు గదరా!"

"అవునప్పా."

"రెండు పూటలు వంగి మైలు కొలిపిస్తివి!"

"అవునప్పా. తప్పయింది."

కొల్లప్ప కాసేపు బీడీ తాగినాడు. చల్లారినాక స్నేహితుడి బుద్ధి పుట్టింది. "సరే. మోకు పటేలే తెచ్చినాడని చెప్దాం. సచ్చినోడు వచ్చి కాదంటాడా? నువ్వు ఆ పొద్దు ఊర్లోనే లేవు."

అది చిక్కన్నకు ఎంత నచ్చిందంటే లేచి నాలుగడుగులు హుషారుగా వేసినాడు. పెద్దతిమ్మప్పకు పోయేదేముంది? మనవళ్లు కూడా బెంగళూరు చేరినారు. ఐదో అడుగుకు దోవ బోరయ్య చేను పక్కకు తిరిగింది.

సుంకులమ్మ ఒక్కతే సాలులో వంగి ఉంది. పొద్దున్నుంచి పెరికింది పట్టుమని పది సాళ్లు. వెనక బోరయ్య నడుముకు గుడ్డ కట్టుకుని, నేల మీద కూర్చునే జరుగుతూ, కూతురు వదిలేసిన కాయలను కొడవలి మొనతో ఒక్కొక్కటి తవ్వి ఒడిలో వేసుకుంటున్నాడు. వీళ్లను చూసి, "పరిశోధన ముగిసిందా?" అని అడిగినాడు. ఎగతాళిగా అనలేదు. ఏటా అడిగే మాటే, వాన వస్తాదా అన్నట్టు అడిగినాడు.

చిక్కన్న హుషారు అక్కడ దిగిపోయింది. తలవంచుకుని నేరుగా పాల డెయిరీ కాడికి నడిచినాడు.

సాయంత్రం డెయిరీ కాడ ఊరి ఆడవాళ్లంతా ఉంటారు. కరువు కాబట్టి చెంబులో పాలు చారెడే, మాటలు మాత్రం బిందెడు. చిక్కన్న మెట్టు మీదికి ఎక్కి గొంతు సవరించుకున్నాడు. ఓబక్క చెంబు పట్టుకుని వరసలో ఉంది.

"జయరామప్పను ఎవురూ చంపలేదు. కల్లు తాగి బండి మీదనుంచి రాయి మీద పడినాడు. నల్లరాళ్లపల్లి కాటయ్య చెప్పినాడు, కొల్లప్ప రాసుకున్నాడు. పీనుగు నడవలేదు. పోయేటప్పుడు మనం మోస్తిమి, వచ్చేటప్పుడు వాళ్లు మోసినారు."

"మరి మోకు?" అంది లక్ష్మక్క, అనుకున్నట్టే.

"నేను తెచ్చినా. పటేలు మాట మీద బోరన్న బావి కాణ్ణించి నేనే తెచ్చి, నేనే కట్టినా. శనిదేవుడి ముందర ఒట్టు పెట్టినా కాబట్టి ఇన్నేండ్లూ చెప్పలేదు."

డెయిరీలో పాలు కొలిచేవాడి చేతిలో కొలపాత్ర ఆగింది. మొదట తేరుకున్నది లక్ష్మక్కే.

"నడవలేదా? మా అత్త చూసిందే! గజ్జెల చప్పుడు కూడా విన్నాదే!"

"దలాలికి గజ్జెలు యాడివి లక్ష్మక్కా? అయినా కాళ్లు కట్టేస్తిమి గదా, ఎట్లా నడుస్తాడు?"

"ఎగురుకుంటా వచ్చింటాడు" అంది వెనక ఒకామె. నలుగురు తలలూపినారు. ఇంత మంచి కథను ఈ దర్జీ పాడుచేయడం ఎవరికీ ఇష్టం లేదు.

"ఒట్టు పెట్టి నోరు విప్పితివే, శని పట్టుకోదా చిక్కన్నా?" అంది ఇంకొకామె.

"పట్టనీలే. ఇరవై ఒక్కేండ్లు బోరన్నను పట్టింది ఎవురనుకున్నావు? నేనే గదా."

లక్ష్మక్క చెంబు ఎత్తుకుని, "నిజమేందో అబద్ధమేందో, అంత తొందరగా నేను యాడికీ వచ్చేదాన్ని కాదు" అని పోయింది. ఓబక్క మొగుడి ముందర నుంచి మొగుడు లేనట్టే నడిచిపోయింది. ఆ పూట చిక్కన్నకు ఇంట్లో సంగటి ఉంది గానీ పెట్టే మనిషి లేదు.

తెల్లవారి చిక్కన్న బోరయ్య చేనికి పోయేసరికి ఓబక్క అప్పటికే రెండు సాళ్లు పెరికి మూడోదానిలో ఉంది. మొగుడి వైపు చూడలేదు. కొల్లప్ప వచ్చినాడు, నోటుబుక్కు లేకుండా, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియకుండా. ముగ్గురూ సుంకులమ్మా కలిసి పెరుకుతుంటే పొద్దు బారెడు ఎక్కింది. చేను తరగడం లేదు. ఊరి దోవలో మనిషి జాడ లేదు.

వచ్చింది అవతలి నుంచి. కాటయ్య, వెనక ఎనిమిది మంది నల్లరాళ్లపల్లివాళ్లు, గట్టు దాటి చేన్లోకి దిగినారు. "మొదట కనపడిన చేను ఇదే గదా" అన్నాడు కాటయ్య, పంచె ఎగగడుతూ.

గొర్లదిన్నె చేన్లో ఆంధ్రావాళ్లు కాయ పెరుకుతున్నారన్న మాట ఊరికి చేరడానికి ఎంతసేపు? పీనుగు నడకకంటే వేగంగా చేరింది. లక్ష్మక్క పద్నాలుగు మందిని వెంటేసుకుని వచ్చి గట్టు మీద నిలబడి, "మేమేం సచ్చినామా? పైఊరోళ్లు వచ్చి మన కాయ పెరుకుతాంటే రేపు మన మొహాలు యాడ పెట్టుకోవాల?" అని అరిచి సాలు పట్టింది. న్యాయం కోసం వచ్చిందని చెప్పడానికి లేదు. వచ్చింది, అది చాలు.

మధ్యాహ్నం బోరయ్య సంగటి తపేలా తెచ్చినాడు. తూలుకుంటూ తనే మోసినాడు, కూతుర్ని ముట్టనివ్వలేదు. తనే వడ్డించినాడు. చేన్లో ఉన్నవాళ్లందరూ ఆకుల్లోకి చూస్తున్నట్టు నటిస్తూ లక్ష్మక్కనే చూసినారు. సుంకులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. లక్ష్మక్క ముద్ద విరిచి పులుసులో అద్ది నోట్లో పెట్టుకుంది. నమిలింది. మింగింది.

"ఉప్పు తక్కువేసినావు బోరన్నా" అంది.

బోరన్న అంది. ఖూనీ బోరయ్య అనలేదు. ఆయన గరిటె తపేలాలో పెట్టి, "ఉప్పు సరే. ఇంక పావగడ బస్సులో నాకు సీటెవుడిస్తాడే? ఖూనీ బోరయ్యంటే లేచి నిలబడేవాళ్లు" అన్నాడు. చేనంతా నవ్వింది. నల్లరాళ్లపల్లివాళ్లు కూడా నవ్వినారు.

చివరికి బోరయ్య చిక్కన్న ఆకు కాడికి వచ్చినాడు. అక్కడ గరిటె ఆగింది.

"ఆ రెండు నెలల్లోనే మా యమ్మ పోయింది" అన్నాడు బోరయ్య, చిక్కన్నకు మాత్రమే వినపడేటట్టు. "కొరివి పెట్టేదానికి కూడా నన్ను ఇడిసిపెట్టలేదు."

చిక్కన్న చేతులు ఆకు పక్కన ఉన్నాయి. వెనక్కి తీసుకోవాలో ఉంచాలో తెలియలేదు. గరిటె అంచు నుంచి పులుసు బొట్టు బొట్టుగా నేల మీద పడుతూ ఉంది. బోరయ్య అట్లాగే నిలబడి, నిలబడి, ఆఖరికి ఒక ముద్ద వేసినాడు. అందరికంటే చిన్న ముద్ద.

"తిను. తిని, ఆ వంక పక్క సాళ్లు నువ్వొక్కడివే పెరకాల. ఎవురూ సాయం పోకూడదు."

చిక్కన్న ఉప్పు తక్కువైన సంగటి అంతా తిని, ఆకు మడిచి, వంక పక్కకు పోయినాడు. ఆ అంచు మెరక, గాలి ఎక్కువ, నేల అందరి సాళ్లకంటే ముందే ఆరిపోతూ ఉంది. మొదటి చెట్టు లాగితే కట్టె చేతికొచ్చింది, కాయలు లోపలే ఉండిపోయినాయి. ఆయన మోకాళ్ల మీద కూర్చుని వేళ్లతో తవ్వడం మొదలుపెట్టినాడు.